ఉత్తరమేరూరు కుండయు, నేటి ఓట్ల లెక్కయు

చెన్నపట్టణమునకు త్రాగునీరు పంపు శోళవరము చెఱువు చెంత నివసించు మావంటివారికి, పూర్వము తొండమండలమున ఒక గ్రామసభ కేవలము చెఱువు పాలనకే ఆరుగురు సభ్యుల వారియమును, అనగా నిర్వాహక సంఘమును, ఏర్పరచుకొనెనన్న సంగతి మిక్కిలి ఆత్మీయముగా తోచును. ఆ గ్రామము ఉత్తరమేరూరు. అచ్చటి వైకుంఠపెరుమాళ్ళ ఆలయపు గోడలపై, మొదటి పరాంతకచోళుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలో చెక్కించిన శాసనములు అట్టి వారియముల సభ్యులను ఎన్నుకొను విధానమును సవిస్తరముగా తెలుపుచున్నవి.

గ్రామమునందలి ముప్పది కుడుంబులలో (పేటలలో) ప్రతిదానినుండియు అర్హుల పేర్లు ఓలలపై (తాటియాకులపై) వ్రాసి, కట్టలు కట్టి, కుండలో వేసి కలిపి, లోపలి సంగతి యేమాత్రము నెఱుగని బాలునిచేత ఒక ఓలను తీయింపగా, మధ్యస్థుడు ఐదు వ్రేళ్ళును చాచిన అరచేత దానిని గ్రహించి చదువును. పిదప అచ్చటి పురోహితులందఱును దానినే చదువుదురు. గడచిన మూడేండ్లలో పదవి ననుభవించినవాని పేరు కుండలో పడరాదు. ఇట్టి యేర్పాటులో బ్రతిమాలుటకు గాని, బెదరించుటకు గాని ఫలమేమి? తీయు బాలునికే తెలియనిదానిని ఎవ్వడు కొనగలడు?

నేటి అంతర్జాల సంఘములలో స్థితి దీనికి విపరీతము. ఒక వ్యాఖ్యను చదువకముందే దానికి వచ్చిన ఓట్ల మొత్తము కంటబడును. లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ అను పరిశోధకులు లక్షకు పైగా వ్యాఖ్యలపై ప్రయోగము జరిపి, 2013లో 'సైన్స్' పత్రికయందు ఫలితమును ప్రకటించిరి: పుట్టిన క్షణముననే, గుణదోషములతో నిమిత్తము లేక, ఒక్క అనుకూలపు ఓటు పొందిన వ్యాఖ్యల తుది విలువ సగటున 25 శాతము పెరిగెను; ప్రతికూలపు ఓటుతో మొదలైనవానిని మాత్రము తక్కినవారు అనుకూలపు ఓట్లతో సరిదిద్దిరి. మనుజుడు పరుల మెప్పును సులభముగా అనుసరించును గాని, పరుల నిందను అంత సులభముగా అనుసరింపడన్నమాట. ఆ సంవత్సరముననే రెడ్డిట్ అను అంతర్జాల చర్చావేదిక, క్రొత్త వ్యాఖ్యల ఓట్లను కొంతసేపు మరుగుపరచు సదుపాయమును కల్పించెను. ఇది నా దృష్టిలో ఆ బాలుని అజ్ఞానమును కొంతవఱకైనను తిరిగి తెచ్చుటయే.

ఉత్తరమేరూరు సభను ఆదర్శ ప్రజాస్వామ్యమని పొగడుట నాకు సమ్మతము కాదు. అది భూమిగల బ్రాహ్మణులది. స్త్రీలకు గాని, పొలము దున్నువారికి గాని అందు చోటు లేదు. అయినను ఆ శాసనములలో ఒక నియమమును నేను విడువజాలను: వారియమునందుండి లెక్కలు చూపనివాడే కాక, వాని తండ్రి, కుమారుడు, అల్లుడు, బావమఱది సైతము కుండకు దూరమగుదురు. వారియపు గడువు మున్నూటఅరువది దినములు. నేటి అంతర్జాల సంఘములను నడుపువారిలో పెక్కురకు ఇట్టి గడువును లేదు, ఇట్టి లెక్కయు లేదు.