14 ప్రశ్నలు చాలు, జవాబులు నిజమైతే

2020 ఏప్రిల్‌లో లినక్స్ కెర్నల్‌లోని యూఎస్‌బీ హబ్ డ్రైవర్ నుంచి ఒక మార్పును వెనక్కి తీసేశారు. ఆ మార్పు పరికరాలను కాస్త తొందరగా గుర్తించడానికి చేసింది. దాని వల్ల ఒక సోనీ వయో ల్యాప్‌టాప్‌లో అమర్చి ఉన్న రికో వెబ్‌క్యామ్ అసలు కనిపించకుండా పోయింది. అంతకుముందు పనిచేసినది అప్‌డేట్ తర్వాత పనిచేయకపోతే దాన్ని రిగ్రెషన్ అంటారు. కెర్నల్ అభివృద్ధిలో దానికి క్షమాపణ లేదు. పాతది చెడగొట్టే మార్పు ఎంత మంచిదైనా సరిదిద్దాలి, లేదా తీసేయాలి.

అయితే వేల మార్పుల్లో తప్పు ఏ ఒక్కదానిదో తేల్చేదెలా?

14,000 నుంచి ఒకటికి

లినక్స్ కెర్నల్ కొత్త వెర్షన్ 9 లేదా 10 వారాలకొకసారి వస్తుంది. ఒక్కో వెర్షన్‌లో చేరే మార్పులు, అంటే కమిట్‌లు, సుమారు 14,000 అనుకుందాం. ఒక్కొక్కటీ చదువుతూ కూర్చుంటే తదుపరి వెర్షన్ వచ్చేస్తుంది. అందుకే కెర్నల్ మార్పులను నమోదు చేసే గిట్ సాధనంలో బైసెక్ట్ అనే ఆదేశం ఉంది. బాగున్న వెర్షన్ ఏదో, చెడిన వెర్షన్ ఏదో చెబితే అది సరిగ్గా మధ్యలో ఉన్న కమిట్‌ను తీసి ఇస్తుంది. దాన్ని బిల్డ్ చేసి, బూట్ చేసి, వెబ్‌క్యామ్ కనిపిస్తోందో లేదో చెప్పాలి. కనిపిస్తే మొదటి సగం నిర్దోషి, కనిపించకపోతే రెండో సగం.

14,000 కాస్తా 7,000 అవుతుంది, తర్వాత 3,500, ఆపైన 1,750. ఇలా 14 సార్లలో ఒక్కటే మిగులుతుంది. 14 సార్లు రెట్టింపు చేస్తే 16,384 వస్తుంది కాబట్టి అంతవరకు ఎన్ని కమిట్‌లున్నా 14 ప్రశ్నలు సరిపోతాయి. ఒక్కో బిల్డ్‌కు అరగంట పట్టే కంప్యూటర్ అయితే మొత్తం 7 గంటల పని.

తప్పు యూఎస్‌బీలోనే ఉందన్న నమ్మకంతో ఆ డైరెక్టరీలోని కమిట్‌లనే వెతకొచ్చు కూడా. అవి 500 ఉన్నాయనుకుంటే 9 ప్రశ్నలు చాలు. వెతికే చోటు 28 రెట్లు తగ్గినా ఆదా అయ్యేది 5 ప్రశ్నలే. కారణం పవర్ మేనేజ్‌మెంట్‌లోనో, పీసీఐ కోడ్‌లోనో ఉంటే ఆ 9 ప్రశ్నల చివర ఏ పాపం ఎరగని కమిట్ దోషిగా నిలబడుతుంది. 5 ప్రశ్నల కోసం అంత సాహసం అక్కర్లేదు.

8 బైట్లా, 64 బైట్లా?

ఇప్పుడు ఆ మార్పు సంగతి. యూఎస్‌బీ పరికరం పెట్టగానే దానికి సొంత చిరునామా ఉండదు. 0 నంబరు మీద జవాబిస్తుంది. కెర్నల్ దానికి 1 నుంచి 127 లోపు ఒక నంబరు కేటాయించి, 18 బైట్ల డిస్క్రిప్టర్ చదివి అదేమిటో తెలుసుకోవాలి. దీనికి రెండు పద్ధతులున్నాయి.

కెర్నల్‌లో పాతదిగా పిలిచే పద్ధతిలో ఒక రీసెట్ ఇచ్చి, వెంటనే చిరునామా కేటాయించి, డిస్క్రిప్టర్‌లో మొదటి 8 బైట్లు చదువుతారు. కొత్తది అనే పద్ధతిలో రీసెట్ తర్వాత 0 చిరునామా మీదే 64 బైట్లు అడిగి, మరోసారి రీసెట్ చేసి, అప్పుడు చిరునామా ఇస్తారు. కంప్యూటర్ సొంత పోర్టు మీద రీసెట్ కనీసం 50 మిల్లీసెకండ్లు ఉండాలని యూఎస్‌బీ 2.0 ప్రమాణం చెబుతుంది. పాత పద్ధతిలో ఆ రెండో రీసెట్ సమయం ఆదా అవుతుంది.

అందుకే హైస్పీడ్ పరికరాలకు, అంటే 480 మెగాబిట్ల వేగంతో పనిచేసేవాటికి, ముందు పాత పద్ధతి ప్రయత్నించాలని ఆ కమిట్ మార్చింది. విండోస్ 8 నుంచి అదే జరుగుతోందని మార్పు చేసినవారి వాదన. పైగా నష్టం ఉండదనుకోవడానికి కారణమూ ఉంది. కెర్నల్ ఒక పద్ధతిలో విఫలమైతే రెండోదానికి మారుతుంది.

ఆ లెక్క ఇక్కడే తప్పింది. ఈ వెబ్‌క్యామ్ పాత పద్ధతికి జవాబివ్వకపోవడంతో ఆగలేదు, పూర్తిగా బిగుసుకుపోయింది. తర్వాత కొత్త పద్ధతిలో పిలిచినా పలకలేదు. కరెంటు తీసి మళ్లీ ఇస్తేనే తేరుకునేది.

ఇలాంటి మొండి పరికరాల కోసం కెర్నల్‌లో క్విర్క్స్ పట్టిక ఉంది కదా, ఈ కెమెరానూ అందులో రాస్తే పోదా? ఆ పట్టిక తయారీదారు నంబరు, ఉత్పత్తి నంబరు చూసి పనిచేస్తుంది. డిస్క్రిప్టర్‌లో బైట్లను 0 నుంచి లెక్కిస్తే తయారీదారు నంబరు 8వ బైటు దగ్గర మొదలవుతుంది. పాత పద్ధతి మొదట చదివేది 0 నుంచి 7 వరకే. ఏ పద్ధతి వాడాలో నిర్ణయించే సమయానికి ఎదుట ఉన్నదెవరో కెర్నల్‌కు తెలియదు. అందుకని యూఎస్‌బీ కోడ్‌లో చిరకాలంగా పనిచేస్తున్న అలన్ స్టెర్న్ మార్పును మొత్తంగా రద్దు చేశారు. పాత పద్ధతే ముందు కావాలనుకునేవారికి కెర్నల్ పారామీటర్ ఎలాగూ ఉంది.

ఒక్క అబద్ధపు జవాబు

కరెంటు తీస్తేనే తేరుకునే పరికరం బైసెక్ట్‌ను సులువుగా దారి తప్పిస్తుంది. చెడిన కెర్నల్‌ను పరీక్షించి, మామూలుగా రీస్టార్ట్ చేసి బాగున్న కెర్నల్‌లోకి వెళ్లారనుకోండి. మధ్యలో పోర్టుకు కరెంటు ఆగకపోతే కెమెరా ఇంకా బిగుసుకునే ఉండొచ్చు. మీరు ‘చెడింది’ అని రాస్తారు. గిట్ ఆ మాట నమ్మి అసలు దోషి ఉన్న సగాన్ని పక్కన పడేస్తుంది. మిగతా ప్రశ్నలన్నిటికీ నిజమే చెప్పినా ఫలితం తప్పే. ప్రతి పరీక్షకూ ముందు పూర్తి షట్‌డౌన్ చేయాలనేది అందుకే.

అప్పుడప్పుడు మాత్రమే కనిపించే బగ్ అయితే లెక్క ఇంకా కఠినం. రెండు బూట్లకొకసారి వచ్చే లోపం అనుకుందాం. 14 కెర్నళ్లలో 7 నిజంగా చెడినవైతే, ఒక్కోదాన్ని ఒక్కసారే బూట్ చేసి ఏడింటినీ పట్టుకునే అవకాశం 128లో 1. అదే, బాగుందని రాసేముందు ప్రతిదాన్నీ 7 సార్లు బూట్ చేసి చూస్తే ఆ అవకాశం 95 శాతానికి చేరుతుంది. బిల్డ్‌లు పెరగవు, పెరిగేది ఓపికతో చేసే బూట్లే.

ఈ ఓపిక పరికరం సొంతదారుకే సాధ్యం. తయారీదారు నంబరు 16 బిట్లు, ఉత్పత్తి నంబరు 16 బిట్లు. రెండూ కలిపితే 429 కోట్లకు పైగా జతలు వీలవుతాయి. వాటిలో కొద్ది వంతే వాడుకలో ఉన్నా, అన్నీ తెచ్చి పరీక్షించగల ప్రయోగశాల లేదు. చెడిన పరికరం డెవలపర్ బల్ల మీద ఉండదు. కాబట్టి 14 ప్రశ్నలూ ముగిశాక కూడా సొంతదారుకు మరో పని మిగులుతుంది. తాజా కెర్నల్ తీసుకుని, దొరికిన ఆ ఒక్క కమిట్‌ను తొలగించి, మళ్లీ బిల్డ్ చేసి చూడాలి. కెమెరా పనిచేస్తే బైసెక్ట్ నిజం చెప్పినట్టు. పనిచేయకపోతే 14 జవాబుల్లో ఏదో తప్పుండాలి, లేదా రెండో కారణం ఉండాలి. ఈ 15వ పరీక్ష ఫలితం లేకుండా ఎవరి కమిట్‌నూ తప్పుపట్టకూడదు.