యంత్రంలో యంత్రం

పంచతంత్రంలో ఒక కథలోని పాత్ర మరొక కథ చెబుతుంది. ఆ కథలోని పాత్ర ఇంకొక కథకు నాంది పలుకుతుంది. తాను ఏ కథలో ఉన్నదీ మరచిన శ్రోతకు ప్రధాన కథాసూత్రం చేజారిపోతుంది. కంప్యూటర్ రంగంలోనూ ఇటువంటి నిర్మాణం ఉన్నది. దానినే నెస్టెడ్ వర్చువలైజేషన్ అంటారు.

ఒకే భౌతిక యంత్రాన్ని అనేక యంత్రాలుగా భాసింపజేసే సాఫ్ట్‌వేర్ హైపర్‌వైజర్. అది సృష్టించే ప్రతి మిథ్యాయంత్రమూ ఒక వర్చువల్ మెషిన్. ఆ మిథ్యాయంత్రంలోనే మరొక హైపర్‌వైజర్‌ను నడిపితే యంత్రంలో యంత్రం ఏర్పడుతుంది. ఈ భావన నూతనమైనది కాదు. ఐబీఎం సంస్థ 1972లో ప్రకటించిన వీఎం/370 వ్యవస్థను దానిలోనే అతిథిగా నడిపి పరీక్షించేవారు. వ్యక్తిగత కంప్యూటర్ల ప్రాసెసర్లలో వర్చువలైజేషన్‌కు తగిన సదుపాయాన్ని 2005లో ఇంటెల్, 2006లో ఏఎమ్‌డీ ప్రవేశపెట్టాయి.

ఖరీదైన సర్వర్ కొనలేని విద్యార్థికి ఈ పద్ధతి వరప్రసాదం. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈఎస్‌ఎక్స్‌ఐ అనే హైపర్‌వైజర్‌ను స్థాపించి అభ్యసించవచ్చు. అయితే ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయం లోపలి యంత్రానికి కూడా అందేటట్లు ముందుగా అమర్చాలి.

ఈఎస్‌ఎక్స్‌ఐ తెరపై సాధారణంగా కనిపించేది పసుపు, బూడిద వర్ణాల నిర్వహణ పట్టిక మాత్రమే. ఆజ్ఞలను స్వీకరించే కమాండ్ షెల్ దాని వెనుక ఉంటుంది. అది మొదట మూసి ఉంటుంది. దానిని తెరవడానికి ఎఫ్2 మీట నొక్కి, రూట్ అనే అధికారి సంకేతపదంతో ప్రవేశించి, ట్రబుల్‌షూటింగ్ ఆప్షన్స్ అనే విభాగంలో ఈఎస్‌ఎక్స్‌ఐ షెల్‌ను అనుమతించాలి. తరువాత ఆల్ట్, ఎఫ్1 మీటలను కలిపి నొక్కితే షెల్ ప్రత్యక్షమవుతుంది. ఆల్ట్, ఎఫ్2 నొక్కితే తిరిగి పట్టిక వస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. కీబోర్డు ఒక్కటే, దానిని ఆశ్రయించిన వ్యవస్థలు రెండు. కొన్ని లినక్స్ డెస్క్‌టాప్‌లు ఆల్ట్, ఎఫ్1 మీటలను తమ మెనూ కోసం వినియోగిస్తాయి. అప్పుడు ఆజ్ఞ లోపలి యంత్రాన్ని చేరకముందే వెలుపలి వ్యవస్థ దానిని గ్రహిస్తుంది. అందుచేత ముందుగా వర్చువల్ మెషిన్ తెరపై మౌస్‌తో క్లిక్ చేసి కీబోర్డును దానికి అప్పగించాలి. కంట్రోల్, ఆల్ట్ మీటలు కలిపి నొక్కితే ఆ అధికారం వెలుపలికి మరలుతుంది. అప్పటికీ ఫలితం లేకపోతే, అదే విభాగంలో ఎస్‌ఎస్‌హెచ్‌ను అనుమతించి, పట్టికపై కనిపించే ఐపీ చిరునామా ద్వారా నెట్‌వర్క్ మార్గాన షెల్‌ను చేరవచ్చు.

నెట్‌వర్క్ విఫలమైన వేళ యంత్రాన్ని చక్కదిద్దడానికి షెల్ తుది ఆధారం. అయితే రూట్ అధికారికి అక్కడ దాదాపు అడ్డులేదు. ఒక్క తప్పు ఆజ్ఞ అనేక మిథ్యాయంత్రాలను నాశనం చేయగలదు. 2023 ఫిబ్రవరిలో ఈఎస్‌ఎక్స్‌ఐఆర్గ్స్ అనే దుష్ట ప్రోగ్రామ్ సవరణలు చేయని పాత ఈఎస్‌ఎక్స్‌ఐ సర్వర్లలోకి చొరబడి, వాటిలోని ఫైళ్లను చదవరానివిగా మార్చి సొమ్ము కోరింది. పలు దేశాలలో వేలాది సర్వర్లు దాని బారిన పడ్డాయి. హైపర్‌వైజర్ పరుల వశమైతే దానిని ఆశ్రయించిన యంత్రాలన్నీ వశమైనట్లేనని ఆ ఘటన నిరూపించింది.

కనుక పని ముగిసిన వెంటనే షెల్‌నూ, ఎస్‌ఎస్‌హెచ్‌నూ మూసివేయాలి. నిర్ణీత కాలం తరువాత అవి వాటంతటవే మూతపడేటట్లు కూడా అమర్చవచ్చు. అభ్యాస యంత్రంలో జరిగిన పొరపాటును స్నాప్‌షాట్ సాయంతో సరిదిద్దుకోవచ్చు. ఆసుపత్రినో, బ్యాంకునో మోసే సర్వర్‌లో ఆ వెసులుబాటు ఉండకపోవచ్చు. ఏ ఆజ్ఞనైనా ఇచ్చే ముందు, తాను ఏ యంత్రం ఎదుట ఉన్నదీ తెలుసుకోవడం నిర్వాహకుని ప్రథమ కర్తవ్యం.