చీరలకు చిక్కపేట.. గేరుబాక్సుకు జేసీ రోడ్డు!

కూలర్ కొనేముందు కారులో ఉన్నది ఏ గేరుబాక్సో తెలుసుకోండి

చిక్కపేట (బెంగళూరు): హిందూపురం, మదనపల్లె, కుప్పం వైపు ఇళ్లలో పెళ్లి కుదిరిందంటే ఆడవాళ్ల ప్రయాణం చిక్కపేటకే. పట్టుచీరల అంగట్లో కూర్చున్నారంటే లేచేది సాయంత్రానికే. ఈలోగా కారు పిచ్చి ఉన్న కుర్రాళ్లు మెల్లగా జారుకుంటారు. అవెన్యూ రోడ్డు పట్టుకుని సిటీ మార్కెట్ దాటి టౌన్‌హాలు దగ్గర మళ్లితే జేసీ రోడ్డు. కార్ల విడిభాగాల దుకాణాలు మినర్వా సర్కిల్ దాకా వరుసగా కనిపిస్తాయి. కన్నడం, తెలుగు, ఉర్దూ, తమిళం.. ఏ భాషలో అడిగినా పని జరుగుతుంది. ఇంజిన్‌ను రీమ్యాప్ చేయించి వేగం పెంచుకున్న వాళ్లు ఇప్పుడు ఇక్కడ వెతుకుతున్న సరుకు గేరుబాక్సు ఆయిల్ కూలర్. చూడ్డానికి చిన్న రేడియేటర్‌లా ఉంటుంది. తప్పుగా బిగిస్తే మాత్రం లక్షల ఖరీదు చేసే గేరుబాక్సును మింగేస్తుంది.

వేడి ఎక్కడ పుడుతుంది?

మామూలు ఆటోమేటిక్‌లో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. లోపల నూనె సుడి తిరుగుతూ శక్తిని అందిస్తుంది. హైవే మీద ఒకే వేగంతో పోతుంటే కన్వర్టర్ లాక్ అవుతుంది, వేడి తక్కువ. నంది కొండ, హార్సిలీ హిల్స్, మొగిలి ఘాట్ లాంటి చోట తక్కువ వేగంలో గట్టిగా తొక్కితే లాక్ ఊడుతుంది. నూనె చిలికినట్లవుతుంది. ఆ చిలుకుడంతా వేడే. రీమ్యాప్‌తో ఇంజిన్ బలం పెరిగితే ఈ వేడీ పెరుగుతుంది. పైగా బెంగళూరు చల్లదనంలో హాయిగా తిరిగిన బండి ఏప్రిల్‌లో అనంతపురం 40 డిగ్రీల ఎండకు వస్తే సంగతి వేరు.

గేరుబాక్సు నూనె సాధారణంగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే క్షేమం. ఆపైన ప్రతి 10, 11 డిగ్రీలకూ నూనె ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది వర్క్‌షాపుల్లో వాడుకలో ఉన్న లెక్క. 115 దాటితే లోపల జిగురు పూత కట్టడం మొదలవుతుంది. 125 దాటాక రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. ఇంకా పైకి పోతే క్లచ్ ప్లేట్లు జారతాయి.

ఒకే పేరు.. పెట్టెలు వేరు

అంగట్లో ‘లావుపాటి కూలర్ ఇవ్వండి’ అని అడిగేవాళ్లే ఎక్కువ. అడగాల్సింది అది కాదు. కుర్రాళ్లకు ముద్దొచ్చే ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ సంగతే తీసుకోండి. 2013లో వచ్చిన 1.2 లీటర్ల కారులో ఉన్నది ఏడు గేర్ల డీఎస్‌జీ. అందులోని జంట క్లచ్‌లు పొడివి, నూనెలో మునగవు. ట్రాఫిక్‌లో వేడెక్కేది ఆ క్లచ్‌లే. నూనెకు ఎంత పెద్ద కూలర్ పెట్టినా వాటికి ఒరిగేదేమీ లేదు. 2020లో అదే పేరుతో వచ్చిన 1.0 లీటరు కారులో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ ఉంది. దీనికైతే కూలర్ అర్థవంతం. బండి వెనక రాసిన పేరు ఒక్కటే!

మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో తయారీ మొదలైన కియా సెల్టోస్‌దీ ఇదే కథ. ఆ ఏడాది వచ్చిన కార్లలో 1.4 టర్బో పెట్రోలుకు డీసీటీ, 1.5 పెట్రోలుకు సీవీటీ, డీజిల్‌కు టార్క్ కన్వర్టర్. ఒకే బండి, మూడు రకాల పెట్టెలు. స్నేహితుడి కారుకు సరిపోయింది కదా అని కొంటే అంతే సంగతులు.

అసలు కూలర్ అవసరమా? ఇంజిన్ స్కానర్‌ను కారు ఓబీడీ సాకెట్‌కు తగిలిస్తే చాలా కార్లలో గేరుబాక్సు నూనె వేడి కూడా ఫోన్‌లో కనిపిస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు పక్కన కూర్చున్న వాళ్లు ఆ అంకెలు రాసుకోవాలి. వంద లోపే ఉంటే డబ్బులు దాచుకోవచ్చు. నూనె మార్పించుకుంటే చాలు.

బేరం కన్నా బిగింపు ముఖ్యం

మార్కెట్‌లో రెండు రకాలు ఎక్కువ. వంపులు తిరిగిన గొట్టానికి రేకులు తొడిగినది చవక. పలకలు ఒకదానిపై ఒకటి పేర్చినది ఖరీదెక్కువ, అదే సైజులో ఎక్కువ వేడిని లాగేస్తుంది. స్పోర్ట్స్ బళ్లకు పలకలదే మేలు. తెల్లవారుజామున చలిలో నూనె మరీ చల్లబడి చిక్కబడకుండా థర్మోస్టాట్ ఉన్నది తీసుకోవాలి. చిక్కపేట చుట్టుపక్కల ఆదివారం సంతలో పాతవి చవగ్గా దొరికినా వాటి జోలికి పోవద్దు. పాడైన గేరుబాక్సు నుంచి ఊడదీసిన కూలర్ సందుల్లో లోహపు రజను దాక్కుంటుంది. ఎంత కడిగినా పూర్తిగా పోదు.

చాలా కార్లలో నూనె ముందుగా రేడియేటర్‌లోని చిన్న గదిలోకి వెళ్లి వస్తుంది. కొత్త కూలర్‌ను ఆ తర్వాత, గేరుబాక్సుకు తిరిగొచ్చే పైపులో కలపాలి. కొన్ని కార్లలో పైపులే ఉండవు. గేరుబాక్సు మీదే చిన్న డబ్బా ఉంటుంది. వాటికి అడాప్టర్ కావాలి. అది లేకుండా ‘ఏదో ఒకటి చేస్తాం సార్’ అనే మెకానిక్‌కు తాళం ఇవ్వకండి.

కూలర్ ఉండాల్సింది ఏసీ కండెన్సర్‌కు ముందు, కాస్త సందు వదిలి, ఇనుప పట్టీలతో. రేకుల్లోంచి ప్లాస్టిక్ టై దూర్చి కట్టేస్తే కుదుపులకు రాపిడై గొట్టం చిల్లు పడుతుంది. పెట్రోలు పైపు పనికిరాదు. వేడి నూనెను తట్టుకునే ట్రాన్స్‌మిషన్ హోసే వాడాలి. అది సైలెన్సర్ గొట్టానికీ, పదునైన అంచులకూ దూరంగా వెళ్లాలి. క్లిప్పు దగ్గర పది రూపాయలు మిగుల్చుకుంటే ఘాట్ మధ్యలో పైపు ఊడుతుంది. నూనె మొత్తం రోడ్డు పాలవడానికి నిమిషాలు చాలు.

బిగించాక కూలర్, పైపుల్లోకి వెళ్లినంత నూనె మళ్లీ పోయాలి. కంపెనీ పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి, రంగు చూసి కాదు. డిప్‌స్టిక్ లేని కార్లలో నూనె నిర్ణీత వేడికి వచ్చినప్పుడే మట్టం చూస్తారు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి గేరు లీవరును పీ నుంచి డీ దాకా అన్నింట్లోనూ ఆపి ఆపి తిప్పాలి, జాయింట్లు చూడాలి. వారంటీ ఉన్న కారైతే ముందుగా డీలర్‌ను అడిగిరావడం మంచిది.

జేసీ రోడ్డులో కారు ఆపే చోటు దొరకడం గగనం. పాత పైపు ముక్క, గేరుబాక్సు నంబరు ఫొటో జేబులో వేసుకుని మెట్రోలో వెళ్లడం సుఖం. 2017 నుంచి చిక్కపేటలోనే స్టేషన్ ఉంది. బిగించుకుని అనంతపురం బయల్దేరితే చిక్కబళ్లాపుర దాటాక ఒకసారి, బాగేపల్లి టోల్‌గేటు దగ్గర మరోసారి ఆగి ముందు బంపరు కింద కాగితం పరచి చూడండి. ఎర్రటి చుక్క ఒక్కటి కనిపించినా బండి అక్కడే ఆపేయాలి.