పొలంబడి: పైరుకూ మనసుకూ మేలు

పచ్చదనం మనసుకు హాయినిస్తుందంటారు. అయితే నిత్యం పొలంలోనే ఉండే రైతుకు ఆ పచ్చని పైరే ఒక్కోసారి దిగులు పుట్టిస్తుంది. ఆకుపై పురుగు కనబడగానే పంట పోతుందన్న భయంతో పిచికారీకి పూనుకోవడం పరిపాటి. ఈ భయాన్ని తగ్గించే సామూహిక విద్యే పొలంబడి.

వరిలో సుడిదోమ బెడద నేపథ్యంలో 1989లో ఇండోనేషియాలో మొదలైన ఈ విధానంలో సుమారు 25 మంది రైతులు పంటకాలమంతా వారానికొకసారి పొలంలోనే సమావేశమవుతారు. జట్లుగా విడిపోయి పురుగులను, సాలీళ్లు, అక్షింతల పురుగుల వంటి మిత్రజీవులను లెక్కిస్తారు. చూసినదానిని చార్టుపై గీసి, చర్చించి, నిర్ణయం తీసుకుంటారు. మిత్రజీవులు తగినన్ని ఉన్నాయని తెలిస్తే అనవసరపు పిచికారీ, దానితో విషప్రభావం తప్పుతాయి. తోటివారున్నారన్న ధైర్యమూ కలుగుతుంది. కావున మందు కలిపే మహిళలను, పిచికారీ చేసే కూలీలను కూడా పొలంబడిలో తప్పక చేర్చుకోవాలి.