పోటీ, స్పర్ధ, పందెం

"రేపు మా బడిలో కాంపిటీషన్ ఉంది." "ఆ కాలేజీలో సీటుకు కాంపిటీషన్ ఎక్కువ." "లెక్కల్లో వాడొక్కడే నాకు కాంపిటీషన్."

ఇవి మన ఇళ్ళలో, సిటీ బస్సుల్లో రోజూ వినబడే మాటలే. ఇంగ్లీషు పదం ఒకటే అయినా మొదటి వాక్యంలో అది ఒక కార్యక్రమం, రెండో వాక్యంలో ఒక పరిస్థితి, మూడో వాక్యంలో ఒక మనిషి. లాటిన్ భాషలో ఈ పదానికి మూలమైన క్రియకు 'కలిసి కోరడం' అని అర్థం. ఒకే వస్తువును ఇద్దరు కోరితే ఏమవుతుందో అన్నదమ్ములున్న ఇంట్లో వేరే చెప్పనక్కరలేదు!

తెలుగులో ఈ మూడు చోట్లా 'పోటీ' అనవచ్చు. రాసేటప్పుడు మాత్రం మూడోచోట 'పోటీదారు' అనో 'ప్రత్యర్థి' అనో అంటే అర్థం మరింత స్పష్టమవుతుంది. ఆ రెండూ కూడా ఒకటి కాదు. పరుగులో ఎనిమిదిమంది బరిలో ఉంటే ఎనిమిదిమందీ పోటీదారులే. కుస్తీలో ఎదురుగా నిలిచిన ఒక్కడే ప్రత్యర్థి.

'పోటీ' తన పక్కన చేరిన క్రియను బట్టి రంగు మార్చుకుంటుంది. ఎన్నికల్లో పోటీ చేస్తారు. పరుగులో, పాటలో పోటీ పడతారు. సంఘంవారు ముగ్గుల పోటీలు పెడతారు. "నాతో పోటీకి వస్తావా?" అన్నప్పుడు ఆ గొంతులో కొంచెం కోపం వినబడుతుంది. ఒక హోటలుకు పోటీగా ఎదురు వీధిలో మరో హోటలు వెలిస్తే మొదటి యజమానికి నిద్ర పట్టదు. అదే 'పోటీపడి' అన్నప్పుడు మంచి అర్థం కూడా వస్తుంది. "పిల్లలు పోటీపడి మొక్కలకు నీళ్ళు పోశారు" అంటే వారిమధ్య తగవు లేదు, ఉత్సాహమే ఉంది. పత్రికల్లో కనిపించే "గట్టి పోటీ ఇచ్చాడు" అనే ప్రయోగం ఇంగ్లీషును చూసి చేసుకున్నది. పోటీ ఇచ్చిపుచ్చుకొనే వస్తువు కాదు గనుక "గట్టిగా పోటీపడ్డాడు" అనడమే నాకు ఇంపుగా ఉంటుంది. అయినా వాడుక ముందు నా ఇష్టం ఏపాటిది!

ఆటల వార్తలు రాసేవారికి 'పోటీ' ఒక్కటే చాలదు. వారు 'పోరు' అంటారు, 'తుదిపోరు' అంటారు, 'హోరాహోరీ' అంటారు, 'నువ్వా నేనా అన్నట్లు' అంటారు. 'అమీతుమీ తేల్చుకోవడం' కూడా ఇటువంటిదే. బెంగాలీలో 'ఆమి' అంటే నేను, 'తుమి' అంటే నువ్వు. అంటే ఇదీ 'నువ్వా నేనా' అనడమే, కాకపోతే 'నేను' ముందు వచ్చింది.

2016 లో రియో ఒలింపిక్ క్రీడల బ్యాడ్మింటన్ తుదిపోరులో మన పి.వి. సింధు, స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ తలపడ్డారు. మొదటి గేము సింధు గెలిచింది. తరువాతి రెండూ మారిన్ గెలిచింది. సింధుకు రజత పతకం దక్కింది. ఆట ముగియగానే ఇద్దరూ ఒకరినొకరు కౌగిలించుకున్నారు. వారి మధ్య జరిగింది హోరాహోరీ పోటీ. కాని వారి మధ్య స్పర్ధ ఉందని తెలుగులో అనకూడదు. ఎందుకు?

'స్పర్ధ' సంస్కృత పదం. అక్కడ దానికి పోటీపడడం అనే అర్థం. పోటీతో విద్య పెరుగుతుందని చెప్పే సంస్కృత నానుడిలో వాడినది ఈ మాటనే. కన్నడం ఆ అర్థాన్ని అలాగే నిలుపుకొంది. మన రాష్ట్రంలో పాఠశాలల విద్యార్థులకు జరిపే ప్రతిభా కారంజిలో ఉండేవన్నీ 'స్పర్ధె'లే. ఎన్నికల్లో నిలబడడం 'స్పర్ధిసువుదు'. పోటీ పరీక్ష 'స్పర్ధాత్మక పరీక్షె'. తెలుగులో మాత్రం ఈ మాట క్రమంగా పగవైపు ఒరిగింది. స్పర్ధ అంటే పడకపోవడం, లోలోపలి వైరం. 'మనస్పర్ధలు' అనే మాటలో ఇది నేటికీ నిత్యం వినబడుతుంది.

మీలో ఒకరు కుప్పంలో ఉన్న అమ్మమ్మకు ఇలా జాబు రాశారనుకోండి: "నిన్న మా బడిలో స్పర్ధ జరిగింది. నేనూ అందులో చేరాను. నాకే మొదటి స్థానం." పాపం, ఆ పెద్దావిడ ఏమనుకోవాలి? మనవరాలు ఎవరితోనో తగవు పడి, పైగా అందులో మొదటి స్థానం తెచ్చుకొందని కంగారు పడదా? బెంగళూరులో పెరిగే పిల్లలకు ఈ చిక్కు ఎక్కువ. వీధి బోర్డు మీద, బడి నోటీసులో, తోటిపిల్లల మాటల్లో కన్నడ 'స్పర్ధె' రోజంతా చెవిన పడుతూనే ఉంటుంది. తెలుగు రాయడానికి కూర్చుంటే అదే ముందు వస్తుంది. అది అక్షరదోషం కాదు గనుక దిద్దేవారి కంటికీ ఒక్కోసారి తప్పించుకుంటుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఇద్దరికి పొసగకపోతే మనం 'మనస్పర్ధ' అంటే కన్నడిగులు 'మనస్తాప' అంటారు. తెలుగులో మనస్తాపం ఒక్కరిదే, మనసుకు తగిలిన బాధ. దానికి ఇంకొకరితో తగవు ఉండనవసరం లేదు.

ఇక 'పందెం'. దీని పాత రూపం 'పన్నిదము'. పందెంలో ఒడ్డేది పణం. ప్రాణాలను పణంగా పెట్టడం అనే వాడుక మీకు తెలిసినదే. పల్నాటి కథలో బ్రహ్మనాయుడి పక్షం కోడిపందెంలో ఓడి ఏడేళ్ళు రాజ్యం విడిచి పోవలసి వచ్చింది. పుంజుల మీద రాజ్యాన్నే ఒడ్డారన్నమాట. పందేనికి ఆ ఒడ్డడమే ప్రాణం. అయినా పణం లేని చోట కూడా ఈ మాట నిలిచింది. బడిలో పరుగుపందెం, గోనెసంచి పందెం జరిగితే ఎవరూ ఏమీ ఒడ్డరు. పశువులను పరుగెత్తించే ఆటలకూ ఇదే పేరు, ఎడ్లపందెం లాగ. దక్షిణ కన్నడ ప్రాంతంలో బురదమళ్ళలో జరిగే కంబళను 2023 నవంబరులో బెంగళూరు ప్యాలెస్ మైదానంలోనూ జరిపారు. దానిని తెలుగువారికి చెప్పాలంటే 'దున్నపోతుల పందెం' అంటే చాలు, వెంటనే అర్థమవుతుంది. 'దున్నపోతుల పోటీ' అంటే దున్నపోతులే పేర్లు ఇచ్చి బరిలో దిగినట్లు ఉంటుంది.

కన్నడంలో దీనికి దగ్గరగా వినిపించే మాట 'పంద్య'. చిన్నస్వామి స్టేడియంలో క్రికెట్ జరిగితే మరునాటి కన్నడ పత్రికలో దానిని 'పంద్య' అనే రాస్తారు. అక్కడ దానికి మ్యాచ్ అని అర్థం. వరుసగా జరిగే పోటీలు 'పంద్యావళి'. తెలుగు పత్రికలు మ్యాచ్‌ను మ్యాచ్ అనే రాస్తాయి. క్రికెట్ పక్కన 'పందెం' చేరిస్తే డబ్బు కాయడం గుర్తుకు వస్తుంది. "ఆదివారం మా అన్న క్రికెట్ పందెంలో ఉన్నాడు" అని రాస్తే, ఆ అన్న బ్యాటు పట్టాడో డబ్బు కాశాడో చదివేవారికి తెలియదు.