బిల్లు పాసైంది సరే, నీళ్లు ఏ తూము దగ్గరున్నాయి?

"చట్టమొచ్చిందని ఎమ్మెల్యే సారే మైకుల చెప్పిండు. ఆఫీసుకు పోతే ఇంకా రాలేదంటున్నరు. ఎవల్ని నమ్మాలె సారూ?"

పెద్దవూరలో చాయ్ హోటల్ ముందు కూర్చుంటే ఈ మాట వినని నెల లేదు నాకు. అడిగినవాళ్లలో సగం మంది నాయకుడు అబద్ధమాడాడనుకుంటారు. మిగతా సగం మంది ఆఫీసోళ్లు కావాలనే తిప్పుతున్నారనుకుంటారు. చాలాసార్లు రెండూ నిజం కావు. అసెంబ్లీలో బల్లలు చరిచిన రోజుకూ, ఆ చట్టం మన చేతికి కాగితమై వచ్చే రోజుకూ నడుమ ఎంత దూరముందో మనకెవరూ విడమరిచి చెప్పరు. కల్యాణలక్ష్మి చెక్కుల పంపిణీలో, జాతరలో, సీసీ రోడ్డు శంకుస్థాపనలో ఎమ్మెల్యేలు కనిపిస్తారు, "ఫలానా చట్టం తెచ్చాం" అంటారు. అది ఎంతదాకా వచ్చిందో కూడా అక్కడే చెబితే సగం తిరుగుళ్లు తప్పుతాయి.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ పక్కన బతికేవాళ్లకు ఇది అర్థం కాని సంగతేమీ కాదు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలినప్పటి నుంచీ మనకు తెలిసిందే కదా: సాగర్ దగ్గర గేటు ఎత్తారని టీవీలో చూసి కోదాడ పక్క చివరి ఆయకట్టు రైతు ఆ సాయంత్రమే నారు పీకడు. నీళ్లు ప్రధాన కాలువలో పడాలి, మేజర్‌కు మళ్లాలి, మైనర్‌లోకి రావాలి, తూము తెరవాలి, ఆఖరికి పొలం గట్టు తడవాలి. ఎక్కడ షట్టర్ దిగి ఉంటే అక్కడే ఆగుతాయి.

చట్టం కూడా అంతే. 119 మంది ఉన్న శాసనసభలో బిల్లు పాసవడమంటే సాగర్ దగ్గర గేటు ఎత్తడం. తర్వాత 40 మంది ఉన్న శాసనమండలి. అది కొన్నాళ్లు ఆపగలదు గానీ పూర్తిగా అడ్డుకోలేదు. ఆ తర్వాత గవర్నర్ సంతకం. అది పడితే గెజిట్‌లో అచ్చవుతుంది, అప్పుడది బిల్లు కాదు, చట్టం. అచ్చైనంత మాత్రాన అమల్లోకి వచ్చినట్టూ కాదు. చాలా చట్టాల మొదటి సెక్షన్‌లోనే ప్రభుత్వం నోటిఫై చేసిన తేదీ నుంచి అమల్లోకి వస్తుందని ఉంటుంది. ఆ తేదీ వచ్చాక కూడా నియమావళి కావాలి: ఏ ఫారం, ఎవరికి ఇవ్వాలి, ఎన్ని రోజుల్లో తేల్చాలి. నా లెక్కలో ఈ నియమావళే లష్కర్. కాలువ నిండుగా పారుతున్నా లష్కర్ వచ్చి షట్టర్ తిప్పితేనే మన మైనర్‌కు నీళ్లు. చట్టం ఎంత గొప్పదైనా నియమాలు రాకపోతే తహసీల్దార్ చేతిలో తిప్పడానికి చక్రమే ఉండదు.

భూమి రికార్డుల కొత్త చట్టం భూభారతి సంగతే చూడండి. 2024 డిసెంబర్ 18న బిల్లు సభలో పెట్టారు, 20న పాసైంది. 2025 జనవరిలో గవర్నర్ జిష్ణుదేవ్ వర్మ ఆమోదించారు. ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చింది. అదీ ముందుగా నాలుగు మండలాల్లో ప్రయోగంగా: నేలకొండపల్లి, లింగంపేట, వెంకటాపూర్, మద్దూరు. మిగతా ఊళ్లలో ఎక్కువ చోట్ల రెవెన్యూ సదస్సులు జూన్‌లో జరిగాయి. డిసెంబర్‌లో టీవీ చూసి మర్నాడే ఆఫీసుకు పరుగెత్తినాయనకు జూన్ దాకా జవాబు లేకపోవడం ఇందుకే.

ఆ ఏప్రిల్ 14 ముహూర్తం చూసి పెట్టిందని వాదించినవాళ్లు ఉన్నారు మా దగ్గర. అది అంబేద్కర్ జయంతి. చట్టానికి తిథి నక్షత్రాలు ఉండవు, తేదీలుంటాయి. అమావాస్యనీ మంగళవారమనీ దరఖాస్తు రేపటికి వాయిదా వేసుకునేవాళ్లను చూస్తే నాకు నిజంగా దిగులేస్తుంది. ఆఖరి తేదీ దాటిపోతే ఏ పంచాంగమూ దాన్ని వెనక్కి తేలేదు.

తేదీ ఒక్కటి అటూ ఇటూ అయితే ఏమవుతుందో సాదాబైనామాల మీద, అంటే రిజిస్ట్రేషన్ లేని తెల్లకాగితాల మీద, భూమి కొన్నవాళ్లను అడగండి. మా ఊళ్లో ఒక పెద్దాయన తన కాగితం నాకు చూపించాడు. సందుగలో బట్టల కింద నుంచి తీశాడు. మడతల దగ్గర చిరిగింది, వెనక అన్నం మెతుకులతో అతికించిన పాత పంచాంగం పేజీ. అమ్మినాయన వేలిముద్ర నీలం సిరా పాలిపోయి చింతగింజంత మచ్చలా మిగిలింది. ఇద్దరు సాక్షులు, ఇద్దరూ ఇప్పుడు లేరు. రెండెకరాలు. ఆయన దున్నుకుంటున్నాడు, పట్టా మాత్రం వేరే పేరు మీద ఉంది.

ఇలాంటివాటిని క్రమబద్ధం చేయడానికి 1971 నాటి భూహక్కుల చట్టంలో ఒక దారి ఉండేది. ఆ దారిలోనే 2020 అక్టోబర్‌లో ప్రభుత్వం దరఖాస్తులు పిలిచింది, నవంబర్ 10 గడువు. జనం మీసేవల ముందు బారులు తీరారు. ఆ వరుసలు ఇంకా సాగుతుండగానే అక్టోబర్ 29న ధరణి చట్టం అమల్లోకి వచ్చింది. దాంతో పాత చట్టం రద్దయింది. కొత్త చట్టంలో సాదాబైనామాల మాటే లేదు! అంటే జనం ఏ తూము ముందు నిలబడ్డారో ఆ కాలువనే పూడ్చేశారన్నమాట. విషయం హైకోర్టుకెక్కింది, కోర్టు ఆపమంది. సుమారు తొమ్మిది లక్షల దరఖాస్తులు ఏళ్ల తరబడి అలాగే పడి ఉన్నాయి. "ఆఫీసోళ్లు తొక్కిపెట్టిండ్రు" అని ఊరంతా అనుకుంది. ఆఫీసులో ఉన్నవాళ్లకు తొక్కిపెట్టడానికైనా తీసివ్వడానికైనా చేతిలో సెక్షనే లేదు.

భూభారతి చట్టం ఆరో సెక్షన్ ఆ దారిని మళ్లీ తవ్వింది. 2014 జూన్ 2కు ముందు రాసుకున్న కాగితమై ఉండాలి, పన్నెండేళ్లకు తగ్గకుండా భూమి కబ్జాలో ఉండాలి, కొన్నాయన చిన్న, సన్నకారు రైతై ఉండాలి, 2020లో పెట్టిన దరఖాస్తు ఉండాలి. విచారించి తేల్చేది ఆర్డీఓ. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ రుసుము కట్టాలి. చట్టం ఏప్రిల్‌లో అమలైనా, హైకోర్టులో అడ్డు ఆగస్టులో తొలగితే గానీ ఈ తూముకు నీళ్లు రాలేదు. సెప్టెంబర్‌లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కోర్టు కూడా ఒక షట్టరేనని జనం మరిచిపోతారు.

2025 మార్చిలో ఒక రోజు తేడాతో పాసైన బిల్లులను పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. మార్చి 17న బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులు, 18న ఎస్సీ వర్గీకరణ బిల్లు. సభ అదే, ఎమ్మెల్యేలు వాళ్లే, బల్లలు చరిచిన చప్పుడూ ఒకటే. వర్గీకరణ ఏప్రిల్ 14కే చట్టమై అమల్లోకి వచ్చింది. 59 కులాలు మూడు గ్రూపులయ్యాయి, వాటా 1, 9, 5 శాతం. ఎందుకంటే ఆ కాలువను అంతకు ముందే 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల తీర్పు తవ్విపెట్టింది, పైగా మొత్తం 15 శాతం మారలేదు. బీసీ బిల్లులతో రిజర్వేషన్లు 50 శాతం గీత దాటుతాయి. 1992 ఇంద్రా సాహ్నీ తీర్పు నాటి గీత అది. తమిళనాడు 69 శాతం నిలబెట్టుకోవడానికి 1994లో రాజ్యాంగం తొమ్మిదో షెడ్యూలు దాకా పోవాల్సి వచ్చింది. అందుకే మన బిల్లులను గవర్నర్ రాష్ట్రపతికి పంపారు. సెప్టెంబర్ 26న ప్రభుత్వం స్థానిక ఎన్నికల్లో ఆ 42 శాతం అమలుకు జీవో 9 ఇస్తే అక్టోబర్ 9న హైకోర్టు స్టే ఇచ్చింది. డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు 50 శాతం లోపే జరిగాయి. "42 శాతం పాసైంది గద, మా వార్డు బీసీకి ఎందుకు రాలే" అని నన్ను నిలదీసిన కుర్రాడికి నేను ఇంతసేపూ చెప్పింది ఇదే. గవర్నర్‌కూ రాష్ట్రపతికీ గడువు పెట్టడం కుదరదని సుప్రీంకోర్టు 2025 నవంబర్ 20న చెప్పింది కనుక, ఆ గేటు దగ్గర ఎన్నాళ్లన్నది మన చేతిలో లేదు.

ఇక జీవోలతో నడిచేవాటిని కూడా చట్టాలనడం మరో తికమక. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం మొదలుపెట్టారు. ఆడవాళ్లకు ఉచిత బస్సు 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తోంది. ఇవి పథకాలు. రేషన్ వెనక 2013 నాటి ఆహార భద్రతా చట్టం ఉంది గానీ, బియ్యం సన్నవా దొడ్డువా అన్నది అందులో లేదు. పథకాన్ని ఇంకో ఉత్తర్వు మార్చగలదు. చట్టాన్ని మార్చాలంటే మళ్లీ సభకు పోవాల్సిందే.

పెద్దవూర మండలంలోని చలకుర్తి పేరు మీదే 2009కి ముందు మన నియోజకవర్గం ఉండేది. ఆ పేరున, తర్వాత సాగర్ పేరున జానారెడ్డిని ఏడుసార్లు గెలిపించిన జనం మనం. 2021 ఉప ఎన్నికలో రాష్ట్రమంతా మన వైపు చూసింది. ఓటు విషయంలో ఇంత తెలివిడి ఉన్నవాళ్లం, గెలిచినవాళ్లు మైకు పట్టుకున్నప్పుడు నాలుగు ముక్కలు అడగలేమా? గెజిట్‌లో వచ్చిందా? ఏ తేదీ నుంచి? నియమాలు అచ్చయ్యాయా? కోర్టులో ఏమైనా ఉందా? చెక్కులు పంచే సభలోనే ఈ నాలుగింటికీ జవాబు చెప్పే ఎమ్మెల్యే ఏ పార్టీవాడైనా సరే, నేను ముందు వరుసలో కూర్చుని వింటాను.

ఆ పెద్దాయన కాగితానికి ప్లాస్టిక్ కవరు తొడిగించాను. దాంతోపాటు 2020 నాటి మీసేవ రసీదు ఉందా అని అడిగితే చాలాసేపు వెతికి, దేవుడి పటం వెనక నుంచి తీశాడు. అంకెలు కనిపిస్తున్నాయి. పహాణీ నకళ్లు కూడా జతచేసి, సోమవారం పొద్దున మిర్యాలగూడ బస్సెక్కాం, ఆర్డీఓ ఆఫీసుకు.