డబ్బా ఆహారమా, ఇంటి జావా? - పసిపిల్లల అనుపూరక ఆహారంలో రాగి మాల్ట్ పాత్ర

ఆరు నెలలు నిండిన బిడ్డకు తల్లిపాలు మాత్రమే చాలవు. తల్లిపాలను కొనసాగిస్తూనే వాటికి తోడుగా మరొక ఆహారాన్ని ప్రారంభించవలసి ఉంటుంది. దీనినే అనుపూరక ఆహారం అంటారు. అన్నప్రాశనతో మొదలై రెండేళ్ల వయస్సు వరకు సాగే ఈ దశలో దుకాణంలోని డబ్బా ఆహారం పెట్టాలా, ఇంట్లో కాచిన జావ పెట్టాలా అన్న సందిగ్ధం ప్రతి ఇంటా తలెత్తుతుంది. ఒకప్పుడు ఇది పట్టణవాసుల సమస్య. ప్రస్తుతం రాగి పండించే గ్రామాలకూ చేరింది. పండిన రాగులను వర్తకునికి అమ్మి, ఆ సొమ్ముతో రాగి కంకి బొమ్మ ఉన్న అట్టపెట్టెను కొనే రైతు కుటుంబాలు నేడు అరుదు కావు. 2025-26 సంవత్సరానికి రాగులకు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు రూ. 4,886. అంటే కిలోకు సుమారు 49 రూపాయలు. అట్టపెట్టె ధరను దాని నికర బరువుతో భాగించి కిలో ధర లెక్కకడితే ఈ అమ్మకానికీ, ఆ కొనుగోలుకూ మధ్య ఉన్న అంతరం బోధపడుతుంది.

ధర ఒక్కటే ప్రమాణమైతే నిర్ణయం సులువే. అయితే "ఇంటి వంటే మేలు" అనే సాధారణ సలహా కూడా సగం మాత్రమే నిజం. ఇంట్లో కాచే జావ ఏ విధంగా కాస్తారన్న దానిపై మిగిలిన సగం ఆధారపడి ఉంటుంది.

గిన్నెలో ఉన్న శక్తి ఎంత?

తల్లిపాలు సగటు పరిమాణంలో అందుతున్న బిడ్డకు అనుపూరక ఆహారం ద్వారా 6-8 నెలల వయస్సులో రోజుకు సుమారు 200, 9-11 నెలలలో 300, 12-23 నెలలలో 550 కిలో కేలరీలు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. బిడ్డ జీర్ణకోశం ఒక్కసారికి ఇముడ్చుకోగల ఆహారం శరీర బరువులో ప్రతి కిలోకు దాదాపు 30 గ్రాములు. ఎనిమిది కిలోల బిడ్డ ఎంత ఆకలితో ఉన్నా ఒక పూటకు 240 గ్రాములకు మించి తినలేదు. కనుక ఆ కొద్ది ఆహారంలోనే తగినంత శక్తి ఇమిడి ఉండాలి. గ్రాముకు కనీసం 0.8 కిలో కేలరీ ఉండటం మంచిదన్నది నిపుణుల అంచనా.

ఇంటి జావను ఈ కొలతతో చూడాలి. వంద గ్రాముల రాగిపిండిలో సుమారు 320 కిలో కేలరీలు ఉంటాయి. 200 గ్రాముల జావకు 20 గ్రాముల పిండి కలిపితే అందులోని శక్తి 64 కిలో కేలరీలు, అంటే గ్రాముకు 0.32 మాత్రమే. బిడ్డ కడుపు నిండుతుంది, అవసరం తీరదు. తల్లి పూటపూటా శ్రద్ధగా తినిపిస్తున్నా బరువు పెరగని పిల్లల విషయంలో తరచుగా దాగి ఉండే కారణాలలో ఇదొకటి. పిండి రెట్టింపు చేస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. కాని అప్పుడు జావ ముద్దగా గట్టిపడి పసిబిడ్డ మింగలేని స్థితికి వస్తుంది. వేడి తగిలిన పిండి రేణువులు నీటిని పీల్చుకొని ఎన్నో రెట్లు ఉబ్బడమే ఇందుకు కారణం. మింగించడం కోసం తల్లి మళ్లీ నీరు కలుపుతుంది. శక్తి మళ్లీ పలుచబడుతుంది.

డబ్బా ఆహారం గెలిచేది ఇక్కడే. కర్మాగారంలో ధాన్యపు పిండిని ముందుగానే ఉడికించి, వేడి రోలర్లపై పలుచని పొరగా ఆరబెట్టి, పొడి చేస్తారు. కొన్ని ఉత్పత్తులలో పిండి పదార్థాన్ని ఎంజైములతో ముక్కలు చేస్తారు. ఫలితంగా ఎక్కువ పొడిని తక్కువ నీటిలో కలిపినా మింగదగిన పాకం వస్తుంది. 50 గ్రాముల పొడి, 150 మిల్లీలీటర్ల నీరు కలిస్తే గ్రాముకు దాదాపు ఒక కిలో కేలరీ లభిస్తుంది. అట్టపెట్టెలోని రహస్యం చాలావరకు ఇంతే. ఇదే పనిని మొలకెత్తిన రాగి గింజ తనంతట తాను చేస్తుంది.

మొలక చేసే పని

గింజ మొలకెత్తే సమయంలో లేత మొక్కకు ఆహారం అందించేందుకు అమైలేజ్ అనే ఎంజైము తయారవుతుంది. ఇది పిండి పదార్థపు పొడవైన గొలుసులను చిన్న చిన్న తునకలుగా, చక్కెరలుగా విడగొడుతుంది. చిరుధాన్యాలలో ఈ ఎంజైము మొలక దశలో సమృద్ధిగా ఏర్పడేది రాగిలోనే. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు రాగి మాల్ట్ ఆధారిత శిశు ఆహారాలపై విస్తృతంగా పరిశోధించారు. 1980వ దశకంలో బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం కొద్దిపాటి మొలక పిండితో గట్టి జావను పలుచన చేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది.

ఉత్తరాంధ్రలో చోళ్లు, తెలంగాణలో తైదలు అని పిలిచే ఈ ధాన్యాన్ని మాల్ట్ చేయడం ఇళ్లలో తెలియని విద్య కాదు. రాగులను రాళ్లు, మట్టి లేకుండా గాలించి, 12 గంటలు నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీరు మార్చాలి. నీరు వంచి తడి గుడ్డలో మూటకట్టి ఒకటిన్నర నుండి రెండు రోజులు ఉంచితే సన్నని తెల్లని మొలకలు వస్తాయి. మూటను పూటకొకసారి శుభ్రమైన నీటితో తడపాలి. పుల్లని వాసన గాని, జిగురు గాని, బూజు గాని కనిపిస్తే ఆ మూటను సందేహించకుండా పారవేయాలి. బాగా మొలకెత్తిన గింజలను శుభ్రమైన బట్టపై పలుచగా పరచి పూర్తిగా ఆరబెట్టి, మొలకలను చేత్తో నలిపి చెరగాలి.

తరువాతి మెట్టు వేయించడం. అధిక శాతం ఇళ్లలో పొరపాటు జరిగేది ఇక్కడే. కమ్మని వాసన వచ్చే వరకు బాణలిలో వేయిస్తే రుచి పెరుగుతుంది గాని, ఎక్కువ వేడికి అమైలేజ్ నశిస్తుంది. రెండు రోజుల శ్రమ రుచికే పరిమితమవుతుంది. సన్నని సెగపై, గింజ చేతికి వెచ్చగా తగిలేంత వరకే ఉంచి దించడం మేలు. వాసన కావాలనుకునేవారు పిండిలో అధిక భాగాన్ని దోరగా వేయించిన గింజలతోనూ, కొద్ది భాగాన్ని వేయించని మాల్ట్‌తోనూ తయారు చేసుకోవచ్చు. గట్టిగా కాచిన జావ కాస్త చల్లారి గోరువెచ్చనికి పైస్థాయిలో ఉన్నప్పుడు, వాడిన ప్రతి 100 గ్రాముల పిండికి నాలుగైదు గ్రాముల చొప్పున వేయించని మాల్ట్ పిండి కలిపితే కొద్ది నిమిషాలలోనే జావ పలుచబడుతుంది. తరువాత మళ్లీ ఒక పొంగు రానివ్వాలి. వేయించని పిండిలో సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉన్నందున ఈ రెండవ మరుగు తప్పనిసరి.

ఈ విధంగా 200 గ్రాముల జావలో 40 గ్రాముల పిండి ఇమిడిపోతుంది. ఒక చెంచా నెయ్యి చేరితే మొత్తం శక్తి 173 కిలో కేలరీలు, గ్రాముకు 0.86. డబ్బా ఆహారంతో దాదాపు సరితూగే స్థాయి ఇది. ఎంజైము విడగొట్టిన పిండి నుండి వచ్చే సహజమైన తీపి వల్ల పంచదార వేయవలసిన అవసరమూ తగ్గుతుంది. మూడు పాళ్లు రాగికి ఒక పాలు మొలకెత్తించిన పెసలు కలిపితే రాగిలో తక్కువగా ఉండే లైసిన్ భర్తీ అవుతుంది.

ఇనుము విషయంలో ఇంటి జావ లోపం

వంద గ్రాముల రాగిలో సుమారు 364 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. పాలిష్ బియ్యంలో అది 10 మి.గ్రా. లోపే. 40 గ్రాముల రాగితో 1-3 ఏళ్ల పిల్లల రోజువారీ అవసరమైన 500 మి.గ్రా. కాల్షియంలో పావు వంతుకు పైగా సమకూరుతుంది. ఇనుము విషయంలో మాత్రం ఇంటి జావ వెనుకబడి ఉంటుందని అంగీకరించక తప్పదు. సాధారణ రాగి 40 గ్రాములలో ఇనుము రెండు మి.గ్రా. కూడా ఉండదు. అవసరం 8 మి.గ్రా. ఉన్నదానిలోనూ ఫైటేట్లు, టానిన్లు చాలా భాగాన్ని పట్టి ఉంచుతాయి. మొలకెత్తించడం వల్ల ఫైటేట్లు తగ్గుతాయి గాని పూర్తిగా పోవు. డబ్బా ఆహారంలో ఇనుమును విడిగా చేరుస్తారు. ఈ ఒక్క అంశంలో దానిదే పైచేయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 6-59 నెలల పిల్లలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం, తెలంగాణలో 70 శాతం. ఇంత తీవ్రమైన సమస్య ఉన్నచోట రాగిజావ ఒక్కటే చాలునని భరోసా ఇవ్వడం సబబు కాదు.

లోటు తీర్చే మార్గాలు ఇంటిలోనూ ఉన్నాయి. గుడ్డు, మెత్తగా ఉడికించిన కాలేయం, చేప ఆహారంలో చేరాలి. ఉసిరి, నిమ్మ, జామలోని విటమిన్ సి ధాన్యంలోని ఇనుము ఒంటబట్టేందుకు తోడ్పడుతుంది. రక్తహీనత నివారణ కార్యక్రమం కింద ఈ వయస్సు పిల్లలకు వారానికి రెండుసార్లు ఇచ్చే ఇనుము-ఫోలిక్ ఆమ్లం సిరప్‌ను మానరాదు. వ్యవసాయ రంగం వైపు నుండి అందే తోడ్పాటు విత్తనం. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన వేగావతి (వీఆర్ 929) రాగి రకం ధాన్యంలో 131.8 పీపీఎం ఇనుము ఉన్నట్లు నమోదైంది. అంటే 40 గ్రాములలో ఐదు మి.గ్రా.కు పైగా. ఇంద్రావతి రకంలో కాల్షియం 100 గ్రాములకు 428 మి.గ్రా. అమ్మకానికి ఏ రకం వేసినా, ఇంటి వాడకానికి పది సెంట్లలో ఇటువంటి రకం వేసుకోవడం రైతు కుటుంబానికి భారం కాదు.

చీటీ చదవడం

డబ్బా కొనదలచినవారు ముందువైపు బొమ్మను కాక వెనుకవైపు చీటీని చదవాలి. పదార్థాలను బరువులో ఎక్కువ నుండి తక్కువకు వరుసగా ముద్రించడం నిబంధన. రాగి బొమ్మ ఉన్న పెట్టెలో రాగి మూడవ, నాలుగవ స్థానంలో ఉంటే దానిని రాగి ఆహారం అనడం కష్టం. పోషకాల పట్టికలో "చేర్చిన చక్కెరలు" అన్న వరుసను 100 గ్రాముల లెక్కన చూడాలి. ఒక చెంచా పంచదార నాలుగైదు గ్రాములు. రెండేళ్లలోపు బిడ్డకు చేర్చిన చక్కెర అసలు అవసరం లేదు. ఒకే సంస్థ శిశు ఆహారం ఐరోపాలో చక్కెర లేకుండా, భారతదేశంలో ఒక పూటకు సగటున 2.7 గ్రాముల చేర్చిన చక్కెరతో అమ్ముడవుతున్నట్లు 2024 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌కు చెందిన పబ్లిక్ ఐ అనే సంస్థ వెల్లడించింది. పాత ఆహారాన్ని సమర్థించేవారు కూడా బెల్లం విషయంలో ఇదే నియమం పాటించాలి. బెల్లమూ చక్కెరే. ఏడాదిలోపు బిడ్డకు తేనె అసలు పెట్టరాదు.

రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి వాణిజ్య ప్రకటనలు ఇవ్వడాన్ని 1992 నాటి చట్టం, 2003 సవరణ నిషేధించాయి. పెద్ద పిల్లల కోసమని అమ్మే మాల్ట్ పానీయాల పొడులకు ఈ నిషేధం వర్తించదు. ఆహార భద్రతా చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే నిర్వచనమే లేనందున, ఆ పేరిట ఇటువంటి పానీయాలను చూపవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ విక్రయ సంస్థలకు సూచించవలసి వచ్చింది.

గింజ నాణ్యత

ఇంటి ఆహారం సహజంగానే సురక్షితం అన్న నమ్మకానికి వేరుశనగ ఒక హెచ్చరిక. జాతీయ పోషకాహార సంస్థ దశాబ్దాల క్రితం రూపొందించిన హైదరాబాద్ మిక్స్‌లో గోధుమ, శనగపప్పు, బెల్లంతో పాటు వేరుశనగ కూడా ఉంది. మాంసకృత్తులకు, శక్తికి అది మంచి ఆధారమే. అయితే పంట చివరి దశలో బెట్టకు గురైన చేలలో, సరిగా ఆరని కాయలలో ఆస్పర్‌జిల్లస్ బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. ఇది కాలేయ క్యాన్సర్ కారకం. వేయించినా పూర్తిగా నశించదు. అనంతపురం వంటి వర్షాధార ప్రాంతాలలో మేలైన పప్పు మార్కెట్‌కు, ముడుచుకున్నవి, రంగు మారినవి ఇంటికి మిగలడం పరిపాటి. ఆ మిగులే పసిబిడ్డ పిండిలో చేరుతున్నది. కాయలో తేమ 8-9 శాతానికి తగ్గే వరకు ఆరబెట్టి, కాయను చెవి దగ్గర ఆడిస్తే గలగలమన్న తరువాతే నిల్వ చేయాలి. బిడ్డ కోసం పప్పును ఒక్కొక్కటిగా ఏరి పక్కన పెట్టాలి. రాగికి ఈ విషయంలో వెసులుబాటు ఎక్కువ. చిన్న గింజ త్వరగా ఆరుతుంది, పురుగు అంతగా పట్టదు.

కలుపు తీత, నాట్ల రోజులలో తల్లి తెల్లవారకముందే పనికి వెళ్తుంది. ఉదయం కాచిన జావను మధ్యాహ్నం వరకు కుండలో ఉంచి బిడ్డకు పెట్టడం కంటే డబ్బా పొడిని కాచిన నీటిలో అప్పటికప్పుడు కలిపి పెట్టడమే శ్రేయస్కరం. ప్రయాణాలలోనూ అంతే. అంగన్‌వాడీ నుండి అందే బాలామృతం ఈ అవసరానికి ఉచితంగా లభించే పొడి. నెలకు రెండున్నర కిలోల ఆ సంచి చాలా ఇళ్లలో కుటుంబమంతటికీ పంపకమైపోతుంది. ఇంటి మాల్ట్‌నూ ఇదే విధంగా సిద్ధం చేసుకోవచ్చు. రెండు వారాలకు సరిపడా పిండిని తడి తగలని మూత బిగువైన డబ్బాలో పోసి, పొడి చెంచాతో తీసుకుంటే, ఇంటి వద్ద ఉన్న నాయనమ్మో, అమ్మమ్మో పది నిమిషాలలో వేడి జావ కాచి తినిపించగలరు. పిండి ఎంత, నీరు ఎంత అన్నది తల్లి వెళ్లేముందు ఒక గిన్నెతో కొలిచి చూపిస్తే చాలు. జావ పలుచబడిపోయేది ఎక్కువగా ఆ కొలత తప్పినప్పుడే.